నెమలి వెనక్కి చూసే లారీ

నార్కట్‌పల్లి చౌరస్తా పక్కన, బొమ్మలారీలు చేసి రంగులు వేసే నాగేందర్ దుకాణం. పొద్దెక్కింది. అతని ఎదుట స్టూలు మీద గోపమ్మ.

"గట్ల కాదన్నా. నెమలి మెడ గిటు తిరగాలె. ఎనకకు."

"ఎనకకంటే? తోక దిక్కా?"

"ఆ, తోక దిక్కే. పోతపోత ఎవలన్న పిలిస్తే తిరిగి సూసినట్టు."

"లారీ మీద నెమలి ముందటికే సూస్తది చెల్లె. అందరు గట్లనే ఏయించుకుంటరు."

"అందరి సంగతి నాకెందుకన్నా? నేను చెప్పేది గీ లారీ సంగతి."

"సరే తల్లీ, సరే. తుడుస్త. జర పక్కకు జరుగు, నీ నీడ వడుతాంది. మెడ తిప్పుడంటే మళ్ల మొదటికెళ్లి ఏయాలె. గోరంత జాగ. గింత నెమలికి మెడ తిప్పాలంటే ఊపిరి బిగవట్టాలె, ఎరికేనా?"

"బిగవట్టు. నేను మాట్లాడ."

"ఇప్పటిదాక మాట్లాడుకుంటనే ఉంటివి గదా! ఫ్లెక్సీలొచ్చి మా బోర్డుల పని ఖతం జేసినంక గీ బొమ్మలారీలు వట్టుకున్న. ఓనర్లు ఫోటో పంపుతరు, ఏసిస్త, తీస్కపోయి స్టీరింగు ముందట పెట్టుకుంటరు. ఒక్కడన్న పక్కన స్టూలేసుకొని గిది గాదు, గది గాదు అన్నోడు లేడు."

"తప్పయిందన్నా. నా తాన ఫోటో లేదు, అందుకే కూసున్న."

"తప్పేం లేదు గని, నీళ్లు తాగుతవా? ఎండల వడి వచ్చినవ్."

"నీళ్లొద్దన్నా."

"కుండల నీళ్లే. సల్లగున్నయ్."

"వద్దంటి గదా."

"వద్దంటే వద్దు, కోపానికెందుకు రావాలె? ఏ ఊరన్నవ్?"

"కోస్గి అవతల. పల్లె."

"అబ్బో! కోస్గి కెళ్లి గీడిదాక వచ్చినవా, గీ బొమ్మ కోసం? పిలగానికా?"

"పిలగాండ్లు లేరు."

"మరెవలకు? అన్న కొడుక్కా?"

"ఎవ్వలకు గాదు. రాత ఎప్పుడేస్తవ్?"

"నెమలి ఎండనియ్యి. తడి మీద రాత ఏస్తే కారుతది. ఏం రాయాలె? కాయితం మీద రాపిచ్చుకొచ్చినవా?"

"నాకు సదువు రాదన్నా."

"ఎవలతోనన్న రాపిచ్చుకోవాలె గదా! నేనేమన్న మంత్రగాన్నా, మనసుల ఉన్నది సదువనీకి?"

"సూసింది సూసినట్టు చెప్త. నువ్వు ఏసుకుంట వో. మొదటిదేమో ముడుసుకొని పండుకున్న గొర్రెపిల్ల లెక్క ఉంటది. దాని పక్కన కొమ్ములు తిరిగిన పొట్టేలు తలకాయ. ఆ తలకాయ కింద ఇంకో సిన్న తలకాయ."

"ఆగాగు. గీ ముక్క మీద ఏసి సూపిస్త... గిట్లనా?"

"ఆ! గదే, గదే."

"అమ్మ. అమ్మ అని రాసుంది. తర్వాత?"

"తర్వాత జర ఎడం ఇడిసి ఇంకో మూడున్నయ్. మొదటిదానికి నెత్తి మీద గుడి లెక్క ఉంటది."

"దీవెన. అమ్మ దీవెన. పో చెల్లె, సగం లారీల మీద గదే ఉంటది! గిదానికేనా గింత కత?"

"ఎర్ర రాత. ఎర్రదానికి సుట్టు తెల్ల అంచు."

"ఊఁ."

"పలకంత నీలం. బట్టలకు పెట్టే నీలం లెక్క. ఏందన్నా ఆగినవ్?"

"ఏం లేదు. కుంచె పోగు ఊడింది. ఉడుత తోక వెంట్రుకలు, ఊకె ఊడుతుంటయ్. గీ లారీ ఎవలది చెల్లె?"

"తెల్వదు. తెలిస్తే నీ తానికెందుకొస్త?"

"తెల్వని లారీకి బొమ్మెందుకు?"

"నా పెనిమిటిని తొక్కిన లారీ అన్నా. ఏయి. ఎందుకాగినవ్? మొన్న ఎండకాలం మందను దోలుకొని గీ దిక్కు వలసొచ్చినం. కాల్వ కింద గడ్డి ఉంటదని ఏటేట వస్తం. ఎండ ముదిరితే గొర్రె నడువదు గదా, తెల్లారకముందే రోడ్డు దాటిస్తం. నేను ముందట నడుస్తున్న, మా ఐలేశం ఎనకకెళ్లి అదిలిస్తున్నడు. గీడికి దగ్గర్నే, గా మలుపు కాడ. లారీ వచ్చి మంద మీదికెక్కింది. ఆయన మీదికెక్కింది. వోయింది."

"అయ్యో... పోలీసోళ్లకు చెప్పలేదా?"

"చెప్పకేం? నంబరెంత అన్నరు. అంకెలు నాకొస్తయ్ గని నంబరు పలక మీద బురద కొట్టుకపోయి ఉండె. కనవడలే. బండి ఎట్లుండె అన్నరు. ఎనక నెమలి ఉండె సారూ, మెడ తిప్పి సూస్తుండె అంటే నవ్విన్రు. 'నెమలిని వట్టుకొస్తం తియ్యమ్మా' అన్నడొకడు. అందుకే గీ బొమ్మ. తీస్కపోయి వాళ్ల బల్ల మీద వెడ్త. గిసొంటి లారీని దేవులాడున్రి అంట. గప్పుడెట్ల నవ్వుతరో సూస్త."

"చెల్లె, ఒక మాట చెప్త, ఏమనుకోకు. ఇయ్యాల కాదు. కండ్లు గుంజుతున్నయ్. వారం ఆగి రా, మంచిగ ఏసిస్త."

"కూసుంట."

"వారం కూసుంటవా?"

"గొర్ల కాడ ఎండల వానల కూసున్నదాన్ని. ఈడ నీడుంది. కూసుంట."

"ఏం మొండిదానివమ్మా నువ్వు! అది సరే గని, చీకట్ల సూసినవ్, నెలలాయె. రంగులు, రాతలు గింత పక్కా ఎట్ల యాదికున్నయ్? ఎక్కడనో సూసింది ఇంకెక్కడనో కలుపుతున్నవేమో."

"కలుపుతనా? మందల ఒక్కటి తక్కువైతే ఏది తక్కువైందో సూడంగనే చెప్త అన్నా. ఒకదానికి చెవు కోసుంటది, ఒకదానికి మోకాలు మీద మచ్చ. మాకు గుర్తే సదువు. ఒకపారి కోస్గి అంగడి నాడు మా గొర్రె ఒకటి మాయమైంది. మా ఐలేశం ఏం జేసిండో ఎరికేనా? గుర్తులేంది అని జనం అడుగుతరు గదా, గప్పుడు..."

"జర మాటలాపు చెల్లె. రాత ఏస్తున్న. వంకరవోతది."

"సరే అన్నా. ఆపిన."

"అయింది. అమ్మ దీవెన. సూడు."

"గదే. కండ్లల్ల వెట్టుకున్నట్టే ఉన్నది."

"ఎండాలె. నువ్వేమన్న తిన్నవా? సద్ది తెచ్చుకున్నవా?"

"రొట్టె ఉన్నది."

"పక్క షెట్టరు నీడల కూసొని తిను పో. తిని రా."

"పోత. గని దుకాణం బందు జెయ్యకు అన్నా."

"చెయ్య పో."

గోపమ్మ బయటికి వెళ్లింది. వెనక గదిలోంచి నాగేందర్ భార్య అరుణమ్మ వచ్చింది.

"విన్న. తలుపెనక నిలవడి అంత విన్న."

"మెల్లగ."

"మన ప్రవీణ్ లారీనే గదా?"

"మెల్లగ అంటున్న గదా అరుణా!"

"గదేనా, కాదా? చెప్పు."

"నీలం పలక. ఎర్ర రాతకు తెల్ల అంచు. మెడ తిప్పిన నెమలి. కొడుకు లారీ కొంటే నా చేతులతోని ఏసిన. గదే."

"మెడ తిప్పిన నెమలి నువ్వు ఇంకొందరికి గూడ ఏసినవ్."

"ఏసిన."

"అమ్మ దీవెన గూడ మస్తు మందికి రాసినవ్."

"రాసిన."

"మరి మన లారీ ఒక్కటే ఎట్లయితది? ఏమని వట్టుకుంటరు? అయినా ఇప్పుడు మన లారీ మీద నెమలెక్కడిది? తెల్లారి నువ్వే గదా చెరిపి తామరపూలు ఏస్తివి."

"నేనే ఏసిన. కొడుకొచ్చి కాళ్ల మీద వడి ఏడిస్తే ఏసిన. ఏమన్నడు గప్పుడు? గొర్ల మందల మనిషి ఉన్నది సూడలే బాపు అన్నడు. తాకంగనే పాణం వోయింది, ఆగినా లాభం లేకుండె, అందుకే ఆగలే అన్నడు. వోయిన పాణం కోసం ఆగి ఏం జేస్తడు, జనం కొట్టి సంపుతరు అని నాకు నేనే చెప్పుకున్న."

"మరి గంతేనాయె! ఇప్పుడెందుకు మొకం గట్ల వెట్టినవ్?"

"నాతోని అయితలేదు అరుణా. ఆమె పక్కన కూసొని చెప్తాంటే, నేను ఏస్తాంటే... చెరిపినదాన్నే మళ్ల ఏస్తున్న."

"ఏయకుంటే అనుమానమొస్తది. చెప్పింది చెప్పినట్టు ఏసి పంపు. పోలీసోళ్లు అప్పుడే నవ్విన్రు, ఇప్పుడూ నవ్వుతరు. గని ఒకటి చెప్పు. మన నిహారిక కాలు అచ్చు సంగతి ఎత్తిందా?"

"లేదు."

"నిజంగనేనా?"

"ఎత్తలేదంటే! ఎడమ మూలకు కిందికుండె గదా. చీకట్ల కనవడలేదేమో."

"నా తండ్రీ, దేవుడున్నడు! గదొక్కటే మన లారీకుండె, ఇంకే లారీకి లేదు. లారీ పూజ నాడు పిల్ల కాలుకు ఎర్ర రంగు వూసి నేనే ఎత్తి వట్టుకుంటి, నువ్వు ఒత్తితివి. ఇంట్లకొచ్చి ఎర్ర అడుగులేసుకుంట తిరిగె."

"యాదికుంది. నెమలిని ఒక్క గుంజుల చెరిపిన. రాతను చెరిపిన. పిల్ల కాలు కాడికొచ్చేసరికి చెయ్యి రాకపోయె, గట్లనే ఇడిసిన."

"ఇప్పుడా ముచ్చటెందుకు? కాలు ఏయకు. కాలు లేకుంటే గది ఎవలి లారీనన్న అయితది. కాలుంటే మనదే అయితది. గీ ఒక్కటి యాదుంచుకో. తండ్రి జైలుకు వోతే పిల్ల గతేంది?"

"ఆమె పెనిమిటి గతేమైంది?"

"సచ్చినోడు తిరిగొస్తడా? నన్ను గట్ల సూడకు. నేను గూడ ఆడదాన్నే. ఆమె మాటలు వింటుంటే నాకు బాధైతలేదా? గని కన్నకొడుకు."

"నీళ్లియ్యి పో ఆమెకు. పొద్దుగాలకెళ్లి గుక్కెడు ముట్టలే."

"ఇస్త. కాలు ఏయకు."

"పో."

గోపమ్మ తిరిగి వచ్చింది. అరుణమ్మ చేతిలో నీళ్ల చెంబు.

"ఇగో గోపమ్మా, తాగు. గొంతెండి రొట్టె ఎట్ల దిగిందో ఏమో."

"వద్దు వదినె."

"ఏం, మా ఇంటి నీళ్లు తాగవా?"

"అయ్యో, గట్లనకు వదినె. ఎవలిచ్చినా తాగ. బోరింగు కాడ నేనే కొట్టుకొని తాగుత."

"మొక్కా?"

"మొక్కు గాదు."

"మరేంది? చెప్పరాదు?"

"నీళ్లు తెస్తనన్నడు వదినె."

"ఎవలు?"

"లారీ వోడు."

"చెల్లె, లారీ వోడు నీళ్లు తెస్తననుడేంది? వాడు ఆగనే ఆగలే గదా?"

"ఆగలేదని నీకెవలు చెప్పిన్రన్నా?"

"నువ్వే గదా... పొద్దుగాల నువ్వే అంటివి."

"నేననలే. మీదికెక్కింది అన్న. వోయింది అన్న. ఆగలేదని అనలే."

"నేనే గట్ల అనుకున్న తియ్యి. అయితే ఆగిండా?"

"ఆగిండు. దిగిండు."

"దిగిండా?"

"దిగిండు. మొకానికి తువ్వాల సుట్టుకున్నడు, కండ్లొక్కటే కనవడ్డయ్. మా ఐలేశం రోడ్డు పక్కకు వడ్డడు. కాళ్లు నుజ్జయినయ్ గని పాణముంది. మాట్లాడిండు. 'గోపీ, మచ్చల పిల్ల ఏది, అగుపిస్తలేదు' అని గొర్రెపిల్లనడిగిండు. నేను ఆ పోరని కాళ్లు వట్టుకున్న. నాయినా, నీకు మొక్కుత, లారీల ఏసుకో, దవాఖాన లైట్లు గవో కనవడుతున్నయ్ అన్న. ఐలేశం దూప దూప అంటున్నడు. ఆ పోరడు ఒంగి ఆయన మొకంల మొకం వెట్టి సూసిండు. 'ఏం గాదమ్మా, ఆగు, నీళ్లు తెస్త' అన్నడు. ఎక్కిండు."

"ఎక్కి?"

"నీళ్ల కోసం ఎక్కిండనుకున్న. లారీ కదిలింది. ఎనక తలుపు గొలుసు వట్టుకొని ఉరికిన. గప్పుడే సూసిన అన్నా, ఎర్ర లైటు ఎలుగుల, గీ నెమలిని. మొకం మీదికే ఉండె. మెడ తిప్పి నన్నే సూసుకుంట వోయింది."

"మరి... ఐలేశం?"

"తెల్లారేదాక ఉన్నడు."

"తెల్లారేదాకనా!"

"బండ్లు ఏవీ ఆగలే. ఆయన్ను ఇడిసిపెట్టి నేను కదలలే. 'వస్తున్నయ్, నీళ్లు వస్తున్నయ్, పిలగాడు తేవోయిండు' అని చెప్పుకుంట కూసున్న. ఆయన నమ్మిండు అన్నా. నేను చెప్పిన గదా, నమ్మిండు. వస్తడు తియ్యే, మంచి పోరడే అన్నడు."

"వామ్మో... ఏమయ్యా, ఇగ నేను వినలేను."

"నువ్వు లోపలికి వో అరుణా. చెల్లె, జర కూసో. ఫోన్ మాట్లాడొస్త."

నాగేందర్ దుకాణం వెనక్కి వెళ్లి కొడుకు ప్రవీణ్‌కు ఫోన్ చేశాడు.

"బాపు, బండి మీదున్న. కొత్తకోట దాటిన. జరాగి చేస్త."

"పక్కకాపు."

"ఏమైంది? నిహారికకు జ్వరం తగ్గలేదా?"

"పిల్ల మంచిగనే ఉన్నది. పక్కకాపు అంటున్న."

"ఆపిన. చెప్పు."

"ఆ రోజు దిగినవా?"

"ఏ రోజు?"

"ప్రవీణ్."

"గా ముచ్చట అయిపోయింది గదా బాపు. మళ్లెందుకు తవ్వుతవ్?"

"దిగినవా, దిగలేదా?"

"ఎవలన్న వచ్చిన్రా? పోలీసులా?"

"నేనడిగింది చెప్పు."

"చీకటుండె. భయమైంది. జనం వస్తరేమోనని..."

"ఆయన మాట్లాడిండా? దూప అన్నడా?"

"నీకెవలు చెప్పిన్రు బాపు?"

"నీళ్లు తెస్త అన్నవా?"

"తెద్దామనే ఎక్కిన! నా బిడ్డ తోడు, తెద్దామనే ఎక్కిన. స్టీరింగు ముందట కూసోంగనే ఏమైందో, కాలు దానంతటదే తొక్కింది."

"బిడ్డ మీద ఒట్టేయకు. లారీల నీళ్లుండెనా?"

"గిప్పుడు గదెందుకు?"

"ఉండెనా, లేకుండెనా?"

"ఉండె. బాటిల్ నిండ ఉండె."

"ఆ నీళ్లేం జేసినవ్?"

"జర దూరం వోయినంక ఆపి మొకం కడుక్కున్న."

"పెట్టేస్తున్న."

"బాపు! బాపు, ఎవ్వలకు చెప్పకు. నిహారిక మొకం జూడు బాపు. ఇంటికొచ్చి నీ కాళ్లు వట్టుకుంట, నువ్వేమన్నా వడ్త. బాపు? హలో?"

నాగేందర్ మళ్లీ బల్ల ముందు కూర్చున్నాడు. గోపమ్మ స్టూలు మీదే ఉంది.

"మొకం గట్లయిందేందన్నా? ఇంట్ల అందరు మంచిగున్నరా?"

"ఎండకు. ఇంకేమున్నది ఏయాల్సింది?"

"గొలుసులు. రెండు దిక్కుల."

"ఏసిన."

"కుడి దిక్కు లైటు పలిగి ఉండె."

"పలిగినట్టే ఏస్త. తెల్ల గీత ఒకటి గుంజితే పలిగినట్టు కనవడుతది."

"నా తాన ఏం తీసుకుంటవన్నా దీనికి?"

"ఏం వద్దు."

"ఊకెనే ఏయించుకుంటే నాకు మనసుకు వట్టదు."

"వద్దన్న గదా చెల్లె. మళ్ల అడగకు."

"పొద్దుగాల కసురుకుంట ఏసినవ్. ఇప్పుడు సప్పుడే లేదు."

"ఊపిరి బిగవట్టిన."

"గింతసేపా? గా ఎడమ మూలకేమో ఏస్తున్నవ్?"

"అయిపోయింది. ఇగో, గీ భూతద్దం వట్టుకొని సూడు. నంబరు పలక ఒక్కటే ఖాళీ. మిగిలిందంత ఏసిన."

"అద్దంల పెద్దగ కనవడుతదే! నెమలి గదే. రాత గదే. గొలుసు గదే, గీ గొలుసే వట్టుకున్న. లైటు గదే. పొద్దుగాల మా ఐలేశం ముచ్చట నడుమల ఆపితివి. గొర్రె మాయమైన ముచ్చట. ఇప్పుడు చెప్పాల్నా?"

"చెప్పు."

అరుణమ్మ మళ్లీ బయటికి వచ్చింది.

"ఏం ముచ్చట్లు గోపమ్మా గిప్పుడు? బొమ్మ అయింది గదా. మాపైతాంది, బస్సు దొరకదు. ఏమయ్యా, అట్టపెట్టెల వెట్టియ్యి."

"చెప్పనియ్యి అరుణా."

"మా మందలోళ్ల పద్ధతి ఒకటుంది వదినె. మాయమైన గొర్రెను దేవులాడవోయినప్పుడు గుర్తులన్ని చెప్పరు. ఒకటి కడుపుల దాసుకుంటరు. ఆ రోజు మా ఐలేశం అంగట్ల అందరికి చెవు కోత చెప్పిండు, మచ్చ చెప్పిండు. పొట్ట కింది వాత చెప్పలే. ఒకడొచ్చి 'ఏందన్నా, గా వాత ఉన్న గొర్రెనా? నేను సూడలేదే' అన్నడు. గంతే, వాని మెడల తువ్వాలేసి వట్టుకున్నడు. మనం దాసుకున్న గుర్తు, దొంగతనం జేసినోని నోట్లకెళ్లి మనం అడగకుంటనే ఎల్తది అనేటోడు."

"మంచిగుంది కత. ఇగ లే తల్లీ, చీకటైతది."

"పోత వదినె. గా సంచి జర ఇటియ్యి."

"గింత బరువుంది, ఏమున్నయ్ గిండ్ల? ఓ యమ్మో, ఏందివి? ఇన్ని లారీలా?"

"గిది కొత్తకోటల ఏయించిన. గిది జడ్చర్లల. గిది మిర్యాలగూడల. పెయింటరు దొరికిన కాడల్ల కూసొని ఏయించిన. అందరికి ఒక్కతీరుగ చెప్పిన. నెమలి చెప్పిన, రాత చెప్పిన, నీలం పలక చెప్పిన, పలిగిన లైటు చెప్పిన. నేను చెప్పిందే వాళ్లు ఏసిన్రు. ఇవన్ని బల్ల మీద వెడ్తున్న. సూడన్నా. ఎడమ మూలకు సూడు. ఏ లారీకన్న పిల్ల కాలు ఉన్నదా?"

"పిల్ల కాలా? ఏమయ్యా... ఏసినవా? చెప్పంగ చెప్పంగ ఏసినవా! గోపమ్మా, గదేం పెద్ద ముచ్చట? లారీ పూజ నాడు పిల్లల కాలు అందరు ఒత్తిపిస్తరు. మూల ఖాళీగుందని ఏసిండు, గంతే."

"అందరు ఒత్తిపిస్తే గీ పెయింటర్లల్ల ఒక్కడన్న ఏయకపోవునా వదినె?"

"వాళ్లకు తెల్వదు! మా ఆయనకు తెలుసు! నువ్వు చెప్పవయ్యా, నోరు తెరువు!"

"అరుణా, ఊకో."

"నేనెందుకు ఊకుంట?"

"అన్నా, గిటు నా దిక్కు సూసి చెప్పు. కాలు సంగతి నేను నీకు చెప్పిన్నా?"

"చెప్పలే."

"మర్చిపోయి ఏసినవా?"

"మర్చిపోలే చెల్లె. చెయ్యి ఆ మూలకు వోతాంటే సూసుకుంటనే ఉన్న. ఆపలే."

"ఎవలి పిల్ల కాలన్నా గది?"

"నా మనుమరాలిది."

"అయ్యో, అయ్యో! నీ కాళ్లు మొక్కుతనయ్యా! నీ నోటితోనే నీ కొడుకును... పిల్ల మొకమన్న జూడు!"

"ఏడ్వకు. సన్న కుంచె ఇటియ్యి అరుణా. నంబరు పలక ఖాళీగున్నది."